చివరి కంచం ఎవరిది?

మన బాలుర, బాలికల హాస్టళ్ళు కలిసి తెస్తున్న ఈ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని కబురు వచ్చినప్పుడు, అందరిలాగే నేనూ హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామనుకున్నాను. ట్రంకు పెట్టె, స్టడీ అవర్, ఆదివారం కూర కోసం ప్లేటు పట్టుకుని నిలబడ్డ లైను, ఇవన్నీ నాకంటే బాగా రాసేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. నేను పదో తరగతి దాకా ఈ హాస్టల్ అన్నం తిని, తర్వాత ఏఎన్ఎం ట్రైనింగ్ చేసి, ఇప్పుడు ఒక సబ్ సెంటర్‌లో పనిచేస్తున్నాను. రోజూ నేను చూసేది ఆడవాళ్ళ ఆరోగ్యమే. కాబట్టి నాకు తెలిసిన ఆ సంగతే రాస్తాను. కొన్ని మాటలు పెద్దలకు కటువుగా అనిపిస్తే మన్నించాలి. తమ్ముళ్ళు మాత్రం "ఇది ఆడవాళ్ళ వ్యాసం" అని పేజీ తిప్పేయవద్దు. ఇందులో మీ అమ్మలు కూడా ఉన్నారు.

2001 డిసెంబరు. నేను పదో తరగతిలో ఉన్నాను. పొద్దున ప్రేయర్‌లో నిలబడి ఉండగా కళ్ళు బైర్లు కమ్మి పడిపోయాను. "చలికి అట్లయింది", "రాత్రి చదువు ఎక్కువైంది", "దిష్టి తగిలింది" అని తలా ఒక మాట అన్నారు. మన కామాటి అక్క నన్ను భుజానికి ఆనించుకుని ప్రభుత్వ దవాఖానకు నడిపించుకుపోయింది. రక్తం పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ ఏడు వచ్చింది. ఆ వయసు పిల్లకు కనీసం పన్నెండు ఉండాలి. డాక్టరు గారు ఐరన్ మాత్రలు ఇచ్చి, మూడు నెలలు ఆపకుండా వేసుకోమని చెప్పి పంపించారు.

నాలుగు రోజులు వేసుకున్నాను. ఐదో రోజు విరేచనం నల్లగా అయింది. భయపడి పక్క మంచం పిల్లకు చెబితే, "అయ్యో, నీ రక్తం లోపల మాడిపోతున్నదే. ఆ గోలీలు వేడి. నెలసరి ఆగిపోతదట" అన్నది. మిగిలిన మాత్రలన్నీ కాగితంలో చుట్టి ప్రహరీ గోడ అవతలికి విసిరేశాను. విచిత్రం ఏమిటంటే, "రక్తహీనత నివారణకు ఇనుము అవసరం" అని అంతకు నెల ముందే పరీక్షలో రాసి, ఆ జవాబుకు పూర్తి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను. పుస్తకంలో చదివిన ఇనుము వేరు, గోడ అవతల పడేసిన ఇనుము వేరు అయిపోయాయి నాకు.

ఈ ఉద్యోగంలో చేరిన తర్వాత ఆ గోడ నాకు చాలాసార్లు గుర్తుకొచ్చింది. మన ఆడవాళ్ళు ఆరోగ్యం పాడుచేసుకుంటున్నది తెలియక అని పై అధికారులు మీటింగుల్లో అంటుంటారు. పోస్టర్లు అంటిస్తే, ఫ్లిప్ చార్టు చూపిస్తే సరిపోతుందని వాళ్ళ ఆశ. నేను ఒప్పుకోను. ఎన్ని నీళ్ళు తాగాలో, ఎప్పుడు తినాలో, ఏ నొప్పిని చెప్పుకోవాలో, ఏ నొప్పిని మింగాలో మనం రోజూ తీసుకునే నిర్ణయాలు పుస్తకం చూసి తీసుకోవడం లేదు. ఆడపిల్ల ఓర్చుకోవాలి, తిండికి ఆశపడకూడదు, ఒంటి సంగతి బయట చెప్పకూడదు. ఈ మూడు మాటలను మనం మన అమ్మలను చూసి నేర్చుకున్నాం. వాటిని మంచితనం అనుకున్నాం. మనం మంచితనం అనుకున్నదే మన ఒంట్లో రక్తం లేకుండా చేస్తున్నది.

మాట మీద నమ్మకం లేకపోతే లెక్కలు చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుండి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఉన్నవాళ్ళు దేశంలో 57 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే ఈ సంచిక చదువుతున్న ఇద్దరు అక్కచెల్లెళ్ళలో ఒకరికి పైనే. ఇదేమీ కొత్త రోగం కాదు, మందు లేని రోగమూ కాదు. అయినా పోవడం లేదు.

ముందు నీళ్ళ సంగతి చెబుతాను. మా రోజుల్లో హాస్టల్‌లో తొంభై మంది పిల్లలకు నాలుగు బాత్రూంలు ఉండేవి. అందులో ఒకదానికి గడియ లేదు. రాత్రి పూట అటు పోవాలంటే భయం. అందుకని సాయంత్రం ఐదు దాటితే మేము నీళ్ళు తాగడం మానేసేవాళ్ళం. బడిలో అసలు బాత్రూం లేదు కాబట్టి పొద్దున కూడా తాగేవాళ్ళం కాదు. మూత్రంలో మంట, నడుము నొప్పి, తలనొప్పి, ఇవి లేని పిల్ల ఉండేది కాదు. అందరికీ ఉండడంతో అది రోగమని ఎవరికీ తోచలేదు.

ఇక్కడ తమ్ముళ్ళు అడగవచ్చు. "అక్కా, బాత్రూంలు లేకపోవడం సర్కారు తప్పు కదా, మధ్యలో నమ్మకాలు ఏం చేశాయి?" న్యాయమైన ప్రశ్నే. సౌకర్యం లేనిచోట ఆడవాళ్ళకు నీతులు చెప్పడం నాకూ ఇష్టం లేదు. కానీ ఒక సంగతి వినండి. నేను తొమ్మిదిలో ఉండగా సాంఘిక సంక్షేమ శాఖ అధికారి ఒకాయన తనిఖీకి వస్తున్నారని, మీ సమస్యలు కాగితం మీద రాయండి అన్నారు. రాత్రంతా కూర్చుని రాశాం. ఫ్యాన్లు తిరగడం లేదని రాశాం. పప్పు నీళ్ళలా ఉంటోందని రాశాం. కాస్మెటిక్ ఛార్జీలు మూడు నెలలుగా రాలేదని రాశాం. టీవీ కావాలని కూడా రాశాం. బాత్రూం అన్న మాట మాత్రం ఎవరూ రాయలేదు. మగ అధికారి చదువుతాడు, ఆ మాట ఎట్లా రాస్తాం అని సిగ్గు. తెల్లారాక ఇంటర్ చదివే ఒక అక్క ఆ కాగితం తీసుకుని, అన్నిటికంటే పైన ఖాళీ జాగాలో ఇరికించి రాసింది. "అయ్యా, మాకు నాలుగు బాత్రూంలు చాలవు, ఒకదానికి గడియ లేదు." మేము ఆ అక్క మీద కోపం తెచ్చుకున్నాం, పరువు తీసిందని. గడియ వారం రోజుల్లో వచ్చింది. ఇంకో రెండు బాత్రూంలు రావడానికి మాత్రం రెండేళ్ళు పట్టింది. మా సిగ్గు వల్ల గోడలు కట్టకుండా ఉండిపోయాయని ఇప్పుడు నాకు అనిపిస్తుంది. అడగనివాళ్ళకు ఎవరు కడతారు?

ఇంకా చెప్పాలంటే, బాత్రూంలు వచ్చిన తర్వాత కూడా మాలో చాలామంది నీళ్ళు తాగలేదు. అలవాటు అట్లాగే ఉండిపోయింది. ఇప్పటికీ బస్సు ప్రయాణం ఉందంటే ముందురోజు రాత్రి నుంచే నా గొంతు దానంతటదే మూసుకుంటుంది. 1927 మార్చి 20న బాబాసాహెబ్ మహద్ చెరువుకు నడిచి వెళ్ళి నీళ్ళు తాగారని ప్రతి ఏప్రిల్ 14న మన హాస్టల్‌లో ఉపన్యాసాలు ఇస్తాం. నేనూ ఇచ్చాను, బహుమతిగా స్టీలు గ్లాసు కూడా ఇచ్చారు. ఆ చెరువు నీళ్ళ కోసం దెబ్బలు తిన్నవాళ్ళ వారసులం, మన సీసాలో ఉన్న నీళ్ళు తాగడానికి భయపడుతున్నాం. బహుమతి గ్లాసు ట్రంకు పెట్టెలోనే ఉండిపోయింది.

ఇక తిండి. మా ఇంట్లో అన్నం వడ్డించే వరుస మీకూ తెలిసిందే. ముందు నాయన, తర్వాత తమ్ముళ్ళు, తర్వాత నేను, చెల్లె, చివర అమ్మ. కూర మిగిలితే అమ్మకు, మిగలకపోతే అమ్మకు పచ్చిమిరపకాయ. అమ్మను ఎవరూ బలవంతపెట్టలేదు. "మీరు తింటే నాకు కడుపు నిండినట్టే" అనేది. చిన్నప్పుడు ఆ మాట వింటే కళ్ళు చెమర్చేవి. ఇప్పుడు వింటే కోపం వస్తుంది. పిల్లలు తింటే తల్లి కడుపు నిండదు. పొద్దంతా చేనులో కలుపు తీసి, సాయంత్రం బిందెలు మోసే మనిషికి కూలికి వెళ్ళే మగవాడితో సమానంగా తిండి కావాలి. పైగా నెలనెలా రక్తం పోతుంది కాబట్టి ఇనుము అతనికంటే ఎక్కువే కావాలి.

మన పెద్దవాళ్ళకు ఈ విషయం తెలియదా అంటే, బాగా తెలుసు. ఆడపిల్ల పెద్దమనిషి అయినప్పుడు ఏం పెడతారు? నువ్వులు, బెల్లం, ఎండు కొబ్బరి కుడకలు, నెయ్యి, గుడ్లు. మేనమామ తెచ్చి పెడతాడు, అత్తలు దంచి పెడతారు, అమ్మమ్మ దగ్గర కూర్చుని తినిపిస్తుంది. పిల్ల ఒంట్లోంచి రక్తం పోతోంది, దానికి బలం కావాలి అని ఆ ఆచారం పెట్టినవాళ్ళకు అర్థమైంది. మైకు పెట్టి, ఫోటోలు తీసి, ఆ తొమ్మిది రోజులు పెట్టిన నువ్వుల ముద్ద పదో రోజు నుంచి ఏమైపోయింది? రక్తం పోవడం ఆ తొమ్మిది రోజులతో ఆగలేదు కదా! తర్వాత ముప్పై ఐదేళ్ళు పోతూనే ఉంటుంది. మన నమ్మకాలన్నీ మూఢమని కొట్టిపారేసే చదువుకున్నవాళ్ళ మాట నాకు నచ్చదు. అందులో మంచివీ ఉన్నాయి. మొదటి కాన్పుకు పుట్టింటికి తీసుకురావడం మంచి ఆచారమే, అత్తింటి చాకిరీ నుంచి ఆ పిల్లకు కొన్ని నెలలైనా విడుదల దొరుకుతుంది. అయితే ఆ పుట్టింట్లోనే బాలింతకు పథ్యం పేరుతో పది రోజులు వెల్లుల్లి కారం అన్నమే పెట్టి, నీళ్ళు తాగితే పొట్ట పెరుగుతుందని గ్లాసు లాక్కుంటారు. పాలు ఇచ్చే తల్లికి నీళ్ళు ఇవ్వకపోతే ఎట్లా అని నేను ఎన్ని ఇళ్ళలో అరిచానో లెక్కలేదు. కడుపుతో ఉన్నప్పుడు నిండా తింటే బిడ్డకు చోటు ఉండదని కొందరు, ఐరన్ మాత్రలు వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందని కొందరు. నలుపంటే ఎందుకంత భయమో, మనలో ఎవరు తెల్లగా ఉన్నారని!

ఒక సంగతి రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. రాస్తున్నాను. మా ఇంట్లో ఆదివారం కాలేయం, బోటి, నల్ల వండేవాళ్ళు. వానాకాలం కూర లేని రోజు ఎండు చేపలు. హాస్టల్‌కు వచ్చాక, బడిలో వేరే వీధుల పిల్లలు "మీ ఇంట్లో ఏం కూర" అని అడిగితే పప్పు, వంకాయ అని అబద్ధం చెప్పడం నేర్చుకున్నాను. తర్వాత స్నేహితురాళ్ళను చూసి శనివారం తినను అన్నాను, తర్వాత సోమవారం, తర్వాత శ్రావణమాసం, కార్తీకమాసం. హాస్టల్‌లో గుడ్డు పెట్టే రోజు నా వారానికి తగిలితే గుడ్డు పక్క పిల్లకు పోయేది. నాలాంటివాళ్ళు అప్పుడు ఇరవై మంది ఉండేవాళ్ళం. భక్తితో ఉపవాసం ఉండేవాళ్ళను నేనేమీ అనడం లేదు, ఎవరి దేవుడు వాళ్ళకు. నా దాంట్లో మాత్రం భక్తి కంటే సిగ్గు ఎక్కువ. మా అమ్మ వండే కూర తక్కువది, దాన్ని వదిలేస్తే నేను పై మనిషిని అవుతాను అని లోపల ఎక్కడో నమ్మాను. ఏఎన్ఎం ట్రైనింగ్‌లో మా టీచరు బోర్డు మీద రాసింది చూసి నిర్ఘాంతపోయాను. ఆకుకూరల్లో, పప్పుల్లో ఇనుము ఉన్నా ఒంటికి పట్టేది తక్కువ, మాంసంలోది, ముఖ్యంగా కాలేయంలోది బాగా పడుతుంది అని. నేను సిగ్గుపడి వదిలేసిన ఆదివారం కూర నాకు కావలసిన మందు. హిమోగ్లోబిన్ ఏడుకు దిగిన పిల్ల, మందును పక్క పిల్ల ప్లేటులో వేసి, మాత్రలను గోడ అవతల వేసింది.

శాకాహారం తినేవాళ్ళు కంగారుపడవద్దు. తోటకూర, మునగాకు, రాగులు, శనగలు, పెసలు తిని, దాంతోపాటు నిమ్మకాయ పిండుకున్నా, జామకాయ, ఉసిరికాయ తిన్నా ఇనుము బాగా పడుతుంది. అన్నం తినగానే చాయ్ తాగితే మాత్రం తిన్న ఇనుములో చాలా భాగం వృథా అవుతుంది, ఒక గంట ఆగండి. మాత్ర వేసుకుంటే విరేచనం నల్లగా అవుతుంది, అది మాత్ర రంగే, రక్తం మాడడం కాదు. వికారంగా ఉంటే అన్నం తిన్నాక వేసుకోండి. వారానికి ఒకసారి ఇచ్చే నీలం మాత్ర మీకోసమే. దాన్ని ఇప్పుడు ఏ గోడ అవతల వేస్తున్నారో నాకు తెలుసు, మేము వేసింది కూడా అక్కడే.

ఇప్పుడు మా అమ్మ సంగతి. ఇది చెప్పడానికే ఈ వ్యాసం మొదలుపెట్టాను, చివరిదాకా వాయిదా వేస్తూ వచ్చాను.

2006లో అమ్మకు ముప్పై ఆరేళ్ళు. తెల్లబట్ట, నడుము నొప్పి, నెలసరిలో రక్తం ఎక్కువ పోవడం. రెండేళ్ళు ఎవరికీ చెప్పలేదు. చెప్పేనాటికి నడవలేని స్థితి. నాయన ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయాడు, నేను కూడా వెంట వెళ్ళాను. స్కానింగు తీసి, "గర్భసంచికి పుండు ఉంది, ఉంచితే క్యాన్సర్‌కు మారుతుంది, తీసెయ్యాలి" అన్నారు. నేను అప్పటికి ట్రైనింగ్ పూర్తి చేసి ఉన్నాను. ముందు మందులు వాడి చూడాలి కదా, వేరే పరీక్ష ఉంటుంది కదా అని నాకు తెలుసు. అమ్మ వైపు చూశాను. అమ్మ ముఖంలో భయం లేదు, ఊరట ఉంది.

"ఆ సంచితోటి ఇంక నాకేం పని బిడ్డా? పిల్లలయిపాయె. నెలనెలా ఈ బాధెందుకు? తీసేస్తే పనికన్నా నిమ్మళంగ పోవచ్చు" అన్నది.

ఆ మాట నాకు సబబుగానే తోచింది. రెండు మేకలు అమ్మాం, మిగిలింది నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాం. చదువుకున్నదాన్ని నేనే కాబట్టి కాగితం మీద సంతకం కూడా నేనే పెట్టాను.

డిశ్చార్జి కాగితం చాలా రోజుల తర్వాత సరిగ్గా చదివాను. గర్భసంచితోపాటు రెండు అండాశయాలు కూడా తీసేశారు. అండాశయాలు తీస్తే ఆ రోజు నుంచే ముట్లుడిగినట్టు. యాభై ఏళ్ళకు రావలసినవన్నీ అమ్మకు ముప్పై ఆరేళ్ళకు వచ్చాయి. ఒళ్ళంతా ఆవిర్లు, నిద్ర లేకపోవడం, కీళ్ళ నొప్పులు. ఎముకలు గుల్లబారి, 2015లో వాకిట్లో జారితే మణికట్టు విరిగింది. నిమ్మళంగా పనికి పోవచ్చని తీయించుకున్న మనిషి నలభై ఐదేళ్ళకు పని మానేసింది. ఇప్పుడు కింద కూర్చుంటే లేవలేదు.

మా అమ్మ ఒక్కతే కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుండి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద మూడు శాతం పైచిలుకు ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది, తెలంగాణలో ఎనిమిదికి దగ్గరగా ఉన్నారు. 2023లో సుప్రీంకోర్టు కూడా, అనవసరమైన గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలు అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. డబ్బు కోసం కోసేవాళ్ళ తప్పు ఉంది, అది చిన్న తప్పు కాదు. కానీ కోసేవాడికి మా ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పకపోవడానికి కారణం, అతను చెప్పింది మేము ముందే నమ్మి ఉండడం. పిల్లలు పుట్టిన తర్వాత ఆ అవయవం దండగ. ముట్టు మైల, పోతే పీడ పోతుంది. ఆడమనిషి ఒళ్ళు ఉన్నది పిల్లలకూ పనికీ. ఇదంతా మా అమ్మ నమ్మింది. నేను చదువుకుని కూడా నమ్మాను, లేకపోతే ఆ సంతకం పెట్టేదాన్ని కాదు. నిజంగా ఆపరేషన్ అవసరమయ్యే జబ్బులు ఉన్నాయి, క్యాన్సర్ ఉంది, పెద్ద గడ్డలు ఉన్నాయి. వాటికి భయపడి ఆపమని చెప్పడం లేదు. తెల్లబట్టకు, నడుము నొప్పికి చాలాసార్లు మందులతోనే తగ్గుతుంది. తీయాలి అంటే ఎందుకు తీయాలి, అండాశయాలు ఉంచుతారా అని అడగండి, ప్రభుత్వ దవాఖానలో ఇంకో డాక్టరుకు చూపించండి. మీ అమ్మను తీసుకుపోతే, ఆమె "నాకేం పని దానితో" అన్నా సరే, మీరు అడగండి.

ముట్టు మైల అన్న మాట వచ్చింది కాబట్టి ఒక్క ముక్క. మా రోజుల్లో బట్టలే వాడేవాళ్ళం. బట్ట వాడడం తప్పు కాదు. ఎవరికంటా పడకూడదని మంచాల కింద, లంగాల కింద చీకట్లో ఆరేసి, సగం తడితోనే మళ్ళీ వాడడం వల్ల దురదలు, పుండ్లు, ఇన్ఫెక్షన్లు. ఎండలో ఆరిన బట్టకు ఏ రోగమూ ఉండేది కాదు. ఎండ ఉచితమే. ఇప్పుడు ప్యాడ్లు వచ్చాయి, కానీ మార్చడానికి పోతే ఎవరైనా చూస్తారని పొద్దుటి ప్యాడ్ సాయంత్రం దాకా ఉంచుకునే పిల్లలను నేను చూస్తున్నాను. వస్తువు మారింది, సిగ్గు మారలేదు.

ఇంత చెబుతున్న నేను ఏమైనా గొప్పదాన్నా? మూడేళ్ళ క్రితం ఒక తండాలో గర్భిణులకు పోషకాహారం గురించి చెబుతున్నాను. మధ్యాహ్నం రెండు దాటింది. వెనక కూర్చున్న ఒక ముసలమ్మ అంతా విని, "అది సరే గాని బిడ్డా, నువ్వు పొద్దున ఏం తిన్నవ్?" అన్నది. నా నోట మాట రాలేదు. ఆ పొద్దున పిల్లల టిఫిన్ బాక్సులు, మా ఆయన బాక్సు కట్టి, నేను చాయ్ తాగి వచ్చాను. రోజూ అంతే. ఆ రోజు సాయంత్రం సెంటర్‌లో నా వేలు నేనే గుచ్చుకుని చూసుకుంటే తొమ్మిదిన్నర ఉంది. అందరికీ మాత్రలు పంచే మనిషికి! అప్పటినుంచి నా బాక్సు ముందు కట్టుకుంటున్నాను. మొదట్లో దొంగతనం చేస్తున్నట్టు అనిపించేది, నిజం చెబుతున్నాను. మా అత్తమ్మ రెండు వారాలు ముఖం ముడుచుకుంది, తర్వాత ఊరుకుంది. ఇప్పుడు పదకొండున్నర.

1942 జూలైలో నాగపూర్‌లో జరిగిన దళిత మహిళల మహాసభలో బాబాసాహెబ్ శుభ్రంగా ఉండమని చెప్పారు, పిల్లలను చదివించమన్నారు, పెళ్ళికి తొందరపడవద్దన్నారు, భర్తకు దాసిగా కాక సమానంగా నిలబడమన్నారు. ఒంటి సంగతీ గౌరవం సంగతీ ఒకే ఉపన్యాసంలో చెప్పారు. మనం మన హాస్టల్‌లో గౌరవం గురించి బాగానే మాట్లాడతాం, ఒంటి దగ్గరికి వచ్చేసరికి తల వంచుకుంటాం. చెల్లెళ్ళారా, రాత్రి స్టడీ అవర్ అయ్యాక ఒక గ్లాసు నీళ్ళు తాగండి. బాత్రూంకు గడియ లేకపోతే కాగితం మీద అన్నిటికంటే పైన రాయండి. ఇంటికి పోయినప్పుడు అమ్మ "మీరు తినండి" అంటే మీ కంచం పక్కన ఆమె కంచం పెట్టి కూర్చోండి, ఆమె కూర్చునేదాకా మీరు ముద్ద ఎత్తకండి. మొదటిసారి తిడుతుంది. తమ్ముళ్ళూ, ఈ పని మీరు చేస్తే ఇంకా తొందరగా అవుతుంది, మీ మాటకు ఇంట్లో విలువ ఎక్కువ కాబట్టి.

2001లో నన్ను దవాఖానకు నడిపించిన కామాటి అక్క ఈ సంవత్సరం రిటైర్ అవుతున్నదని తెలిసింది. వార్షికోత్సవం రోజు భోజనాల దగ్గర ఆమె ఎప్పటిలాగే అందరికీ వడ్డించి, పాత్రలు కడిగి, చివర ఏ మూలనో నిలబడి తింటుంది. ఈసారి మొదటి కంచం ఆమెకు పెట్టమని వార్డెన్ మేడమ్ గారికి ఫోన్ చేసి చెప్పాను. మేడమ్ సరే అన్నారు. అక్కే ఒప్పుకోవడం లేదట, "పిల్లలు తినకముందు నేనెట్ల తింట" అంటున్నదట. నేను ఆ రోజు పొద్దున్నే మొదటి బస్సుకు వస్తున్నాను.